రక్తంలో మోతగాళ్లు



కొలెస్ట్రాల్ అనే పదార్థం ఒక్కటే. మంచి కొలెస్ట్రాల్ అని ఒకటి, చెడ్డ కొలెస్ట్రాల్ అని మరొకటి మన శరీరంలో లేవు. ఈ మాట విని మీలో కొందరు ఆశ్చర్యపడవచ్చు. రక్తపరీక్ష చేయించుకున్నవారికి ల్యాబువారు ఇచ్చే కాగితంలో రెండు అంకెలు వేరువేరుగా ఉంటాయి గదా! ఒక అంకెను చూచి సంతోషిస్తాము, రెండవదానిని చూచి దిగులుపడతాము. మరి ఆ తేడా ఎక్కడిది? సరుకు ఒక్కటే అయినా దానిని మోసే మోతగాళ్లు వేరు. ఆ మోతగాళ్లే రక్తంలోని ప్రొటీన్లు, అనగా మాంసకృత్తులు.

ఈ ప్రొటీన్లు ఒకదానితో ఒకటి ఎలా కలిసి పనిచేస్తాయి, ఎక్కడ ఒకదానికొకటి అడ్డుపడతాయి అనే దానిమీద గుండెపోటు రావడం, రాకపోవడం చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఇది డాక్టర్లకు మాత్రమే కావలసిన సంగతి అనుకోవద్దు. "నాకు మంచి కొలెస్ట్రాల్ బాగానే ఉంది, చెడ్డదాని సంగతి అదే చూసుకుంటుంది" అని ధైర్యపడి మాత్రలు మానివేసేవారు మన మధ్య ఉన్నారు. ఆ ధైర్యానికి ఆధారం ఉన్నదో లేదో తెలుసుకోవడం ప్రతి కుటుంబానికి అవసరం.

నూనె, నీరు కలవవు గదా!

గిన్నెడు నీళ్లలో చెంచాడు నూనె పోసి చూడండి. ఎంత కలిపినా అది మళ్లీ పైకి తేలుతుంది. రక్తంలో ఎక్కువ భాగం నీరే గనుక కొవ్వు, కొలెస్ట్రాల్ అందులో కరగవు. అలాగని అవి లేకుండా శరీరం బ్రతకలేదు. ప్రతి కణం చుట్టూ ఉండే పొరకు కొలెస్ట్రాల్ కావాలి. కొన్ని హార్మోన్లు, ఆహారం అరగడానికి కావలసిన పైత్యరసం దాని నుండే తయారవుతాయి.

అందువలన కాలేయం కొవ్వును కంటికి కనబడని చిన్న చిన్న ఉండలుగా చేసి, వాటికి ప్రొటీన్లను తగిలించి రక్తంలోకి పంపుతుంది. ప్రొటీను తోడు ఉంటేనే ఆ ఉండ నీటిలో ప్రయాణం చేయగలదు. ఇలా మోత మోసే ప్రొటీన్లు చాలా ఉన్నాయి గాని మనము ముఖ్యంగా రెండింటిని గుర్తుంచుకుంటే చాలు. ఒకటి అపోలిపోప్రొటీన్ బి, రెండవది అపోలిపోప్రొటీన్ ఎ-1. పేర్లు పొడవుగా ఉన్నాయి గనుక ఇకమీదట వీటిని బి ప్రొటీను, ఎ-1 ప్రొటీను అని పిలుచుకుందాము.

బి ప్రొటీను చాలా పెద్దది. 4,536 అమైనో ఆమ్లాలను వరుసగా గుచ్చిన దండవంటిది. కాగితంలో ఎల్.డి.ఎల్. అని రాసే ఉండ ఒక్కొక్కదాని మీద ఈ ప్రొటీను ఒక్కటే ఉంటుంది. కాబట్టి రక్తంలో బి ప్రొటీను ఎంత ఉన్నదో కొలిస్తే ఆ ఉండలు ఎన్ని తిరుగుతున్నాయో లెక్క తెలిసిపోతుంది. ఇవి కాలేయం నుండి బయలుదేరిన సరుకును ఊరూరా చేరవేసే మోతగాళ్లు.

ఎ-1 ప్రొటీను చిన్నది. దానిలో 243 అమైనో ఆమ్లాలే ఉంటాయి. హెచ్.డి.ఎల్. అని రాసే ఉండల మీద ఇది ఉంటుంది. కణాలలో మిగిలిపోయిన కొలెస్ట్రాల్‌ను ఎత్తుకుని తిరిగి కాలేయం వైపు చేర్చడం దీని పనులలో ఒకటి. అందుకే దీనికి మంచి పేరు వచ్చింది.

ధమని గోడలో జరిగేది

1913లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో నికొలాయ్ అనిచ్‌కోవ్ అనే శాస్త్రవేత్త, పొద్దుతిరుగుడు నూనెలో కరిగించిన కొలెస్ట్రాల్‌ను కుందేళ్లకు తినిపించాడు. కొంతకాలానికి వాటి ధమనుల గోడలలో మనుష్యులకు వచ్చే జబ్బువంటిదే కనిపించింది. కొలెస్ట్రాల్‌కు, ధమనుల జబ్బుకు సంబంధం ఉన్నదని అప్పుడు తెలిసింది. అయితే ఆ కొలెస్ట్రాల్ గోడలోకి ఎలా చేరుతుంది అనే దానికి జవాబు చాలా కాలం తరువాత దొరికింది.

జరిగేది ఇది. బి ప్రొటీను ఉన్న ఉండలు ధమని లోపలి పలుచని పొరను దాటి గోడలోకి వస్తూ పోతూ ఉంటాయి. ఆ గోడలో కొన్ని స్థానిక ప్రొటీన్లు ఉన్నాయి. బి ప్రొటీనులోని కొన్ని భాగాలు వాటికి, అయస్కాంతానికి ఇనుప రజను పట్టుకున్నట్లు, అతుక్కుంటాయి. ఉండలు తక్కువగా ఉంటే అతుక్కునేవి కూడా తక్కువే. ఎక్కువగా ఉండి, ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటే గోడలో పేరుకునేవి ఎక్కువవుతాయి.

అతుక్కున్న ఉండలు అక్కడే చెడిపోతాయి. వాటిని తొలగించడానికి తెల్ల రక్తకణాలు గోడలోకి వస్తాయి. వచ్చినవి కొవ్వును మింగి మింగి ఉబ్బి, సూక్ష్మదర్శినిలో నురుగులాగా కనబడతాయి. ఇలా గోడలో ఒక కొవ్వు గడ్డ తయారవుతుంది. ఇది నొప్పి పెట్టదు. ఇరవై ఏళ్లు, ముప్ఫై ఏళ్లు ఏ గుర్తూ లేకుండా పెరగగలదు. ఒకరోజు ఆ గడ్డ మీది కప్పు చిట్లుతుంది. అప్పుడు రక్తంలోని మరొక ప్రొటీను, ఫైబ్రినోజన్ అనేది, దారపు పోగులుగా మారి వలవలె అల్లుకుంటుంది. ఆ వలలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. గుండెకు రక్తం తీసుకువెళ్లే ధమనిలో ఇది జరిగితే గుండెపోటు, మెదడుకు వెళ్లే ధమనిలో జరిగితే పక్షవాతం.

సరస్సు ఒడ్డున ఒక పల్లె

ఇటలీ దేశపు ఉత్తర భాగంలో గార్డా అనే పెద్ద సరస్సు ఉన్నది. దాని పడమటి ఒడ్డున, కొండకు నీటికి మధ్య ఇరుకుగా, లిమోనె అనే చిన్న ఊరు ఉన్నది. జనాభా సుమారు వెయ్యిమంది. 1930ల ఆరంభంలో రోడ్డు పడేవరకు అక్కడికి పడవ మీదనో, కొండదారినో వెళ్లవలసిందే. కనుక ఆ ఊరివారు ఎక్కువగా ఆ ఊరివారినే పెండ్లి చేసుకునేవారు.

1970లలో ఆ ఊరి నుండి వచ్చిన ఒక వ్యక్తికి మిలాన్ నగరంలో రక్తపరీక్ష చేశారు. ఫలితం చూచి డాక్టర్లు ఆశ్చర్యపోయారు. అతని హెచ్.డి.ఎల్. చాలా తక్కువ. కొవ్వు ఎక్కువ. లెక్క ప్రకారం అతని ధమనులు పాడైపోయి ఉండాలి. అయితే వాటిలో చెప్పుకోదగిన జబ్బు లేదు. అతని కుటుంబంలో మరికొందరి రక్తం కూడా ఇలాగే ఉన్నది.

మిలాన్ విశ్వవిద్యాలయానికి చెందిన చేజరె సిర్తోరి, గ్విదో ఫ్రాంచెస్కీని మరియు వారి తోటివారు దీని వెంట పడ్డారు. కారణం ఎ-1 ప్రొటీనులో దొరికింది. 243 అమైనో ఆమ్లాలలో 173వ స్థానంలో అర్జినిన్ ఉండవలసిన చోట సిస్టీన్ ఉన్నది. అంతే తేడా. మామూలు ఎ-1 ప్రొటీనులో సిస్టీన్ ఒక్కటి కూడా ఉండదు. ఈ సిస్టీనుకు మరొక సిస్టీనుతో గట్టిగా ముడిపడే గుణం ఉన్నది. అందువలన వీరి రక్తంలో ఎ-1 ప్రొటీన్లు రెండేసి జతలుగా కట్టుకుని, మరికొన్ని ఎ-2 అనే వేరొక ప్రొటీనుతో జతకట్టి తిరుగుతున్నాయి. ఈ మార్పుగల ప్రొటీనుకు ఎ-1 మిలానో అని పేరు పెట్టి 1980లో లోకానికి తెలియజేశారు.

తరువాత ఊరు ఊరంతటికీ రక్తపరీక్షలు చేశారు. మార్పు ఉన్నవారు మూడు పదులకు పైగా కనబడ్డారు. వారందరి వంశవృక్షాన్ని పాత చర్చి రిజిస్టర్ల సహాయంతో వెనుకకు వెదుక్కుంటూ వెళ్తే, 18వ శతాబ్దంలో జీవించిన ఒకే దంపతుల దగ్గరకు చేరింది. జననాలు, వివాహాలు ఓపికగా రాసిపెట్టిన ఆనాటి బోధకులకు, తమ రాతలు ఒకనాడు వైద్యశాస్త్రానికి ఉపయోగపడతాయని తెలియదు గదా!

పెంచితే చాలునా?

లిమోనె సంగతి విన్నవారందరిలో పెద్ద ఆశ కలిగింది. ఆ ప్రొటీనును తయారుచేసి రోగులకు ఎక్కిస్తే ధమనులు శుభ్రపడతాయేమో! అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌కు చెందిన స్టీవెన్ నిస్సెన్ బృందం చేసిన చిన్న ప్రయోగం ఫలితం 2003లో వచ్చింది. వారానికి ఒకసారి చొప్పున ఐదు వారాలు ఎక్కించారు. ప్రయోగం పూర్తిచేసిన 47 మందిలో ఈ మందు పొందినవారి ధమనుల గడ్డ పరిమాణం సగటున ఒక శాతం పాటి తగ్గింది. ఐదు వారాలలో అంత మాత్రమైనా తగ్గడం అప్పట్లో పెద్ద వార్త.

అదే కాలంలో మరొక దారి కూడా తెరిచారు. హెచ్.డి.ఎల్. నుండి కొలెస్ట్రాల్‌ను తీసి బి ప్రొటీను ఉండలకు అందించే సి.ఇ.టి.పి. అనే ప్రొటీను ఒకటి రక్తంలో ఉన్నది. దానిని ఆపితే మంచిది పెరుగుతుంది, చెడ్డది తగ్గుతుంది అని లెక్క వేశారు. టోర్సెట్రపిబ్ అనే మందు తయారైంది. సుమారు 15,000 మందిమీద ప్రయోగించారు. కాగితం మీద అంకెలు ఎంతో చక్కగా మారాయి. హెచ్.డి.ఎల్. 72 శాతం పెరిగింది. అయితే మందు తీసుకున్నవారిలో మరణాలు, తీసుకోనివారిలో కంటే ఎక్కువయ్యాయి. 2006 డిసెంబరులో ప్రయోగాన్ని మధ్యలోనే ఆపివేశారు. ఆ మందు రక్తపోటును కూడా పెంచుతుందని తేలింది.

ఆ తరువాత వచ్చిన ఫలితాలు కూడా ఒకే వైపు చూపాయి. పుట్టుకతోనే హెచ్.డి.ఎల్. కొంచెం ఎక్కువగా ఉండేటట్లు చేసే జన్యువు గలవారిని 2012లో పరిశీలించగా, వారికి గుండెపోటు ముప్పు ఇతరులకంటే తక్కువగా లేదు. ఎ-1 మిలానో మందును 2016లో మరల పరీక్షించారు. అప్పటికే స్టాటిన్ మాత్రలు సరిగా తీసుకుంటున్నవారికి అది అదనంగా మేలు చేయలేదు. మామూలు ఎ-1 ప్రొటీనును 18,000 మందికి పైగా గుండెపోటు రోగులున్న ప్రయోగంలో పరీక్షించి 2024లో ఫలితం ప్రకటించారు. మొదటి మూడు నెలలలో గుండెపోట్లు, మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు.

ఇందులో మనము గ్రహించవలసినది ఏమిటి? హెచ్.డి.ఎల్. తక్కువగా ఉండడం ముప్పుకు ఒక గుర్తు. ఆ మాట నేటికీ నిజమే. అయితే జ్వరం కొలిచే గొట్టాన్ని చల్లని నీళ్లలో ముంచితే రోగి జ్వరం తగ్గదు. అలాగే ఆ అంకెను పెంచినంత మాత్రాన ధమని బాగుపడదు. ఎ-1 ప్రొటీను ఎంత ఉన్నది అనేదానికంటే అది ఎలా పనిచేస్తున్నది అనేది ముఖ్యం. దానిని మామూలు ల్యాబు పరీక్షలో కొలవలేరు. గనుక ఒక అంకె బాగున్నదని రెండవ అంకెను వదిలిపెట్టడం మంచిది కాదు.

కాలేయం మీది కొక్కేలు

ఇప్పుడు రెండవ అంకె, అనగా బి ప్రొటీను సంగతి చూద్దాము. ఇక్కడి కథ వేరుగా నడిచింది.

అమెరికాలోని డల్లాస్ నగరంలో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు వైద్యులు, చిన్నతనంలోనే గుండెపోటు వచ్చే పిల్లలను గూర్చి పరిశోధన చేశారు. 1970లలో వారు కనుగొన్నది ఇది. కణాల మీద, ముఖ్యంగా కాలేయ కణాల మీద, కొక్కేలవంటి ప్రొటీన్లు ఉంటాయి. బస్తాను హమాలీ కొక్కెంతో లాగినట్లు, ఇవి బి ప్రొటీనును పట్టుకుని ఎల్.డి.ఎల్. ఉండను కణం లోపలికి లాగుతాయి. సరుకు లోపల దింపి, కొక్కెం మరల పైకి వస్తుంది. ఇంచుమించు పది నిమిషాలకు ఒకసారి ఇలా తిరుగుతుంది. ఆ పిల్లలలో ఈ కొక్కేలు లేవు, లేదా పనిచేయడం లేదు. అందుకే ఉండలు రక్తంలోనే తిరుగుతూ ధమనులను పాడుచేశాయి. ఈ పనికి ఆ ఇద్దరికీ 1985లో నోబెల్ బహుమతి లభించింది.

జపాను శాస్త్రవేత్త అకిరా ఎండో 1970లలో బూజు నుండి కనుగొన్న స్టాటిన్ మందులు ఈ కొక్కేల ద్వారానే పనిచేస్తాయి. కాలేయం సొంతగా కొలెస్ట్రాల్ తయారుచేసుకోవడాన్ని అవి తగ్గిస్తాయి. కొరత పడిన కాలేయం మరిన్ని కొక్కేలు బయటపెట్టి, రక్తంలోని ఉండలను లాక్కుంటుంది. స్కాండినేవియా దేశాలలో 4,444 మంది గుండె రోగుల మీద జరిగిన ప్రయోగం ఫలితం 1994లో వచ్చింది. సిమ్వాస్టాటిన్ తీసుకున్నవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి.

2003లో మరొక ప్రొటీను బయటపడింది. కెనడాలోని మాంట్రియల్‌లో నబీల్ సైదా, పారిస్‌లో కేథరిన్ బుయాలో బృందాలు కలిసి, కొలెస్ట్రాల్ విపరీతంగా ఉన్న ఫ్రెంచి కుటుంబాలలో దాని జాడ పట్టుకున్నారు. పేరు పి.సి.ఎస్.కె.9. కాలేయం నుండి వచ్చి రక్తంలో తిరిగే ఈ ప్రొటీను కొక్కేనికి అంటుకుంటుంది. అది అంటుకున్న కొక్కెం కణం లోపలికి వెళ్లి మరల పైకి రాదు, అక్కడే నాశనమవుతుంది. ఆ ఫ్రెంచి కుటుంబాలలో ఇది అతిగా పనిచేస్తున్నది. కొక్కేలు తగ్గిపోయాయి, ఉండలు పెరిగాయి.

డల్లాస్‌లోని హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ దీనిని తిరగేసి ఆలోచించారు. ఇది సరిగా పనిచేయనివారు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. 2006లో వారు ప్రకటించిన లెక్కలో, 3,363 మంది నల్లజాతి అమెరికన్లలో 2.6 శాతం మందికి పుట్టుకతోనే ఈ ప్రొటీను లోపం ఉన్నది. వారి ఎల్.డి.ఎల్. ఇతరులకంటే 28 శాతమే తక్కువ. అయితే 15 ఏళ్లలో గుండె ధమనుల జబ్బు ముప్పు 88 శాతం తక్కువగా కనబడింది.

ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. 28 శాతం తగ్గుదలకు 88 శాతం మేలు ఎలా వచ్చింది? వారికి తల్లి గర్భం నుండే ఉండలు తక్కువ. నలభై ఏళ్లు, యాభై ఏళ్లు ధమని గోడ మీద భారం తక్కువగా పడింది. ధమని జబ్బులో కాలం కూడా లెక్కకు వస్తుంది. ముసలితనంలో బాగా తగ్గించడం కంటే, వయసులో ఉన్నప్పటి నుండి కొంచెమైనా తగ్గించుకుంటూ రావడం ఎక్కువ మేలు చేస్తుంది.

పి.సి.ఎస్.కె.9ను అడ్డుకునే ఇంజెక్షన్లు 2015 నుండి వాడుకలోకి వచ్చాయి. 27,564 మందిమీద జరిగి 2017లో ముగిసిన ప్రయోగంలో ఒక ఇంజెక్షను ఎల్.డి.ఎల్.ను 59 శాతం తగ్గించింది. గుండెపోట్లు, పక్షవాతం కూడా తగ్గాయి. కొక్కేలను కాపాడితే ధమని కూడా కాపాడబడుతుందని దీనితో మరొకసారి తెలిసింది.

మరి రెండు ప్రొటీన్లు

1963లో నార్వే శాస్త్రవేత్త కోరె బెర్గ్ లైపోప్రొటీన్-ఎ అనే ఉండను కనుగొన్నాడు. ఇది ఎల్.డి.ఎల్. వంటిదే గాని, దాని బి ప్రొటీనుకు మరొక ప్రొటీను ముడిపడి ఉంటుంది. ఆ రెండవ ప్రొటీను, గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ప్లాస్మినోజన్‌ను పోలి ఉంటుంది. దీని పరిమాణం చాలావరకు పుట్టుకతో నిర్ణయమవుతుంది, తిండి మార్చినందువలన అంతగా తగ్గదు. మన దేశపు ప్రజలలో ఇది ఐరోపావారికంటే ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నది. జీవితంలో ఒకసారి పరీక్ష చేయించుకుంటే సాధారణంగా సరిపోతుంది.

రెండవది సి.ఆర్.పి. శరీరంలో ఎక్కడైనా వాపు, మంట ఉంటే కాలేయం దీనిని ఎక్కువగా తయారుచేస్తుంది. ధమని గోడలో జరిగేది కూడా ఒక విధమైన వాపే. 2017లో సుమారు పదివేలమంది గుండె రోగులకు, కొలెస్ట్రాల్‌ను ముట్టుకోకుండా ఈ వాపును తగ్గించే మందు ఇచ్చి చూశారు. గుండెపోటు వంటివి 15 శాతం తగ్గాయి. కానీ ప్రాణం తీసే అంటురోగాలు పెరిగాయి. శరీరంలో ఒకదానిని అణిస్తే మరొకటి లేస్తుంది అనడానికి ఇది నిదర్శనం.

మన ప్రాంతం సంగతి

52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద పరిశోధన 2004లో వెలువడింది. దానికి నాయకత్వం వహించిన సలీం యూసుఫ్ కేరళలో పుట్టి, బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో చదివినవారు. గుండెపోటు వచ్చినవారినీ రానివారినీ పోల్చి చూస్తే, రెండు సంగతులు అన్నిటికంటే ముందు నిలిచాయి. ఒకటి పొగ త్రాగడం. రెండవది బి ప్రొటీనుకు, ఎ-1 ప్రొటీనుకు మధ్య ఉన్న నిష్పత్తి. అదే పరిశోధన నుండి 2007లో మరొక మాట తెలిసింది. దక్షిణాసియా దేశాలవారికి, అనగా మనవంటివారికి, మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకు వస్తున్నది. ఇతర దేశాలవారికి సుమారు 59 ఏళ్లకు.

ఆరేళ్ల తేడా చిన్నది కాదు. 53 ఏళ్ల వయస్సులో చాలా ఇళ్లలో ఆడపిల్ల పెండ్లి కావలసి ఉంటుంది, కొడుకు చదువు ముగియదు, పొలం మీది అప్పు తీరదు.

"ఆ ఇంటి మగవాళ్లకు ఆయుష్షు లేదు" అనే మాట మన ఊళ్లలో వింటూ ఉంటాము. తాత నలభైలలో పోయాడు, తండ్రి నలభైలలో పోయాడు. కొందరు అది శాపం అంటారు. ప్రియులారా, అది శాపం కాదు. కొక్కేల లోపం వంశపారంపర్యంగా వచ్చే జబ్బు. సుమారు 250 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రావడానికి సగానికి సగం అవకాశం ఉన్నది, మగబిడ్డయినా ఆడబిడ్డయినా. మడమ వెనుక నరంమీద, వ్రేళ్ల కణుపుల మీద గట్టి గడ్డలు, చిన్న వయసులోనే కనురెప్పల దగ్గర పసుపు మచ్చలు దీనికి గుర్తులు కావచ్చు. ఒకరికి ఈ జబ్బు ఉన్నదని తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, పిల్లలు అందరూ పరీక్ష చేయించుకోవాలి. దీనికి మందు ఉన్నది. ముందుగా తెలిస్తే ఆయుష్షు నిలబడుతుంది.

మన ఇళ్లలో చేయవలసినవి

మొదటిది, ఒక తీసివేత లెక్క. బి ప్రొటీను పరీక్ష అన్ని ఊళ్లలో దొరకదు. అయితే మీ దగ్గరున్న పాత కాగితంలోనే దాని జాడ ఉన్నది. మొత్తం కొలెస్ట్రాల్ నుండి హెచ్.డి.ఎల్.ను తీసివేయండి. ఉదాహరణకు మొత్తం 210, హెచ్.డి.ఎల్. 40 అయితే మిగిలేది 170. బి ప్రొటీను మోతగాళ్లందరూ కలిసి మోస్తున్న కొలెస్ట్రాల్ అది. ఏ జబ్బూ లేనివారికి ఇది 130 లోపు ఉండడం మంచిది. షుగరు జబ్బు, గుండె జబ్బు ఉన్నవారికి ఇంకా తక్కువ ఉండాలి. ఎంత అనేది డాక్టరు చెబుతారు.

రెండవది, నూనె. పామాయిలులో, నెయ్యిలో, కొబ్బరినూనెలో ఉండే గట్టి కొవ్వు కాలేయం మీది కొక్కేలను తగ్గిస్తుంది. వీటిని మితంగా వాడండి. వేరుశనగ నూనె, నువ్వుల నూనె, తవుడు నూనె వంటివి మేలు, అవి కూడా కొలతగానే. డాల్డావంటి వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు ఎల్.డి.ఎల్.ను పెంచి, హెచ్.డి.ఎల్.ను తగ్గిస్తుంది. నూనెలలో, వనస్పతిలో అది 2 శాతానికి మించకూడదని మన దేశంలో 2022 జనవరి నుండి నిబంధన ఉన్నది.

మూడవది, పప్పులు, కూరగాయలు, పండ్లు. వీటిలోని పీచు పైత్యరసాన్ని పట్టుకుని బయటకు పంపుతుంది. మరల పైత్యరసం చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. పెసలు, ఉలవలు, శనగలు మన పొలాలలో పండేవే గదా!

నాలుగవది, చుట్ట, బీడీ, సిగరెట్టు. పొగ హెచ్.డి.ఎల్.ను తగ్గిస్తుంది, ఫైబ్రినోజన్‌ను పెంచుతుంది, ధమని లోపలి పొరను గాయపరుస్తుంది. ఒకేసారి మూడు చోట్ల నష్టం. మానివేసినవారికి ఏ వయస్సులోనైనా మేలు కలుగుతుంది.

ఐదవది, మాత్రలు. డాక్టరు స్టాటిన్ రాసి ఇచ్చినప్పుడు, అంకె తగ్గిందని మీ అంతట మీరు మానవద్దు. అంకె తగ్గింది మాత్ర వలననే. మానితే కొక్కేలు మరల తగ్గి, కొద్ది వారాలలో ఉండలు ఎప్పటివలె పెరుగుతాయి. కండరాల నొప్పులు ఉంటే దాచకుండా చెప్పండి, మోతాదుగాని మందుగాని మార్చగలరు. గర్భవతులు, గర్భం కోరుకునే స్త్రీలు ఆ సంగతి తప్పక డాక్టరుకు చెప్పాలి.

చివరిగా, రొమ్ములో బరువు, బిగపట్టినట్లు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో ప్రాకడం, చల్లని చెమటలు, ఆయాసం కలిగినప్పుడు గ్యాసు అని సోడా త్రాగి పడుకోవద్దు. స్త్రీలకు, షుగరు ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్లాలి. గడ్డకట్టిన రక్తం దారిని మూసిన ప్రతి నిమిషం గుండె కండరం కొంత చచ్చిపోతుంది.

ఇంట్లో పెద్దవారెవరైనా 55 ఏళ్ల లోపు గుండెపోటుతో పోయి ఉంటే, ఈ నెలలోనే ఆ ఇంటి పిల్లలందరి పేర్లు ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కరికి కొలెస్ట్రాల్ పరీక్ష చేయించండి. పరగడుపున వెళ్లవలసిన అవసరం కూడా చాలామందికి ఉండదు. ఫలితాలు వచ్చిన తరువాత ఆ కాగితాలను జాగ్రత్తగా దాచి, వచ్చే సంవత్సరపు కాగితాలతో పోల్చి చూడండి.